షంటింగ్ లేఅవుట్: ప్లైవుడ్ కోయించే ముందు

ఎగ్జిబిషన్‌కి షంటింగ్ (వ్యాగన్లను అటూ ఇటూ జరిపి వరసలో కూర్చడం) చేసే చిన్న మోడల్ రైలు లేఅవుట్ కట్టాలనుకుంటే పట్టాలు కొనకముందే ఇవి చూసుకోండి.

• బోర్డు కొలత కారు డిక్కీని బట్టి తేల్చండి, గదిని బట్టి కాదు. అంతా కట్టాక పట్టకపోతే కోయడమే గతి. భవనాల ఎత్తు కూడా కలుపుకోండి.

• షంటింగ్ నెక్ (వ్యాగన్లతో ఇంజన్ వెనక్కి జరిగి నిలిచే పట్టా) పొడవు. ఇంగిల్‌నుక్ అనే షంటింగ్ పజిల్ పద్ధతిలో సైడింగులు (వ్యాగన్లు నిలిపే పక్క పట్టాలు) 5, 3, 3 వ్యాగన్లు పట్టేలా ఉంటాయి. 8 వ్యాగన్లలోంచి 5 అడిగిన వరసలో కూర్చాలి. పాయింట్లు (పట్టా రెండుగా చీలే చోట్లు) రెండే, కానీ 6,720 వరసలు! ఇంజన్, 3 వ్యాగన్లు పాయింటు దాటి పూర్తిగా నిలిస్తేనే ఇదంతా సాగుతుంది. కాగితం మీద లెక్క వద్దు, ఉన్నవాటిని తగిలించి కప్లింగులతో సహా కొలవండి. పొడవాటి ఇంజన్ కొనాలనే బుద్ధి ఎలాగూ పుడుతుంది, దానికీ చోటు వదలండి.

• సైడింగ్ పొడవు ఫౌలింగ్ మార్క్ (పక్క లైను బండికి తగలకుండా వ్యాగన్ నిలవగల హద్దు) నుంచి లెక్కించండి. పాయింటు చివర నుంచి కొలిస్తే పక్క లైను బండి ఒరుసుకుంటుంది.

• బోర్డుల అతుకు మీద పాయింటు రాకూడదు. అతుకు దగ్గర పట్టా చివరలను ఇత్తడి స్క్రూలకు సోల్డర్ చేయండి, బోర్డులు మోసుకెళ్లేటప్పుడు ముందు లేచేవి అవే.

• పాయింటును మార్చే మోటారు వచ్చే చోట కింద అడ్డపట్టీ లేకుండా చూడండి.

• ఫ్రాగ్‌కి (పాయింటులో రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే ముక్క) కరెంటు అందాలి. ప్లాస్టిక్ ఫ్రాగ్ మీద నాలుగు చక్రాల ఇంజన్ నెమ్మదిగా వెళ్తే ఆగిపోతుంది, షంటింగ్ అంటేనే నెమ్మది.

• కప్లింగ్ విడదీసే అయస్కాంతం తిన్నని పట్టా కిందే. వంపులో కప్లింగులు పక్కకి జరుగుతాయి.