నైజీరియాలో ఉద్యోగానికి వస్తున్నారా? ముందు పలకరించడం నేర్చుకోండి

మొన్న మా ఫ్యాక్టరీలో జరిగింది చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. లాగోస్‌లో దిగి పది రోజులు కూడా కాని మన తెలుగు కుర్రాడు, పొద్దున ఏడింటి షిఫ్టుకు వస్తూనే నేరుగా ఒక పెద్దాయన మెషిన్ దగ్గరికి వెళ్లాడు. ఎడమ చేత్తో రిపోర్టు చాపి, "నిన్న ఇంత వేస్టేజీ ఎందుకొచ్చింది?" అని అడిగాడు. పెద్దాయన ఆ కాగితం అందుకోలేదు. తల తిప్పుకుని మెషిన్ తుడుచుకుంటూ ఉండిపోయారు. ఆ పూటంతా లైను నత్తనడక నడిచింది. భోజనాల దగ్గర కుర్రాడు "వీళ్లకు పనంటే లెక్కలేదన్నా" అన్నాడు. నాకు కోపం వచ్చింది, బాధ కూడా వేసింది. అచ్చం అదే మాట ఇక్కడికి వచ్చిన మొదటి నెలలో నేనూ ఇంటికి ఫోన్ చేసి చెప్పాను.

పసుపు జ్వరం టీకా, దోమతెర, ఇన్వర్టర్, డబ్బు మార్చుకోవడం, వీటి గురించి కంపెనీవాళ్లే చెబుతారు. వాళ్లు చెప్పకపోతే లాగోస్‌లోని ఇలుపేజులో ఉండే మనవాళ్లు చెబుతారు. పలకరింపు గురించి మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే మూడు నెలలు నరకం చూశాను.

మా స్టోర్స్ చూసే ఆవిడ యొరుబా. లాగోస్ వైపు ఎక్కువగా ఉండే జాతి అది, వాళ్ల భాష పేరూ అదే. వయసు మా అమ్మకు కాస్త అటూ ఇటూ. నేను రోజూ వెళ్లి "ఆ బేరింగ్ వచ్చిందా? ఈ బెల్ట్ ఎక్కడ?" అని అడిగేవాడిని. మూడు వారాలపాటు నా ఇండెంట్లన్నీ వరుసలో చివరికే వెళ్లాయి. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. ఆఖరికి మా డ్రైవర్ ఒకరోజు కారు ఆపి, "ఓగా, యూ నో డే గ్రీట్ పీపుల్" అన్నాడు. మీరు ఎవరినీ పలకరించరు సార్, అని. అంతే, ఇంకేం చెప్పలేదు.

యొరుబాలో పొద్దుటి పలకరింపు "ఎ కారో". మధ్యాహ్నం "ఎ కాసాన్", రాత్రి "ఎ కాలే". ఇందులో ముందున్న "ఎ" చూశారా, అది మన "మీరు". మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్లకూ ఉన్నాయి. మీకంటే చిన్నవాడితో ఉత్త "కారో" అనవచ్చు. పెద్దవాళ్లతో అలా అంటే, మన ఊళ్లో పెద్దాయన్ని "ఏం, లేచావా?" అన్నట్టు ఉంటుంది. హిందీలో "ఆప్" నేర్చుకోవడానికి తంటాలుపడేవాళ్లకు కూడా ఇది పుట్టుకతో వచ్చిన విద్యే, మరి ఇక్కడికి రాగానే ఎందుకు మర్చిపోతారో నాకు అర్థం కాదు. పని చేసుకుంటున్నవాళ్లను చూస్తే "ఎ కు ఇషే" అనాలి. కూర్చున్నవాళ్లకు ఒకటి, నిలబడి ఉన్నవాళ్లకు ఒకటి, వేడుకకు ఖర్చు పెట్టుకున్నవాళ్లకు ఒకటి, ఇలా ప్రతి సందర్భానికీ పలకరింపు ఉంటుంది. అన్నీ రావాలని ఎవరూ అనుకోరు. మొదటి నాలుగూ చాలు. ఇళ్లలో కుర్రాళ్లు పెద్దల ముందు సాష్టాంగపడతారు, ఆడపిల్లలు మోకాళ్ల మీద వంగుతారు. మిమ్మల్ని ఎవరూ అలా చేయమనరు. తల కొంచెం వంచండి, చాలు. పెద్దవాళ్లకు మీరే ముందుగా చెయ్యి చాపకండి, వాళ్లు చాపితే కుడిచెయ్యి ఇవ్వండి. ఎడమ చేత్తో ఇవ్వకూడదని మనకు వేరే చెప్పాలా?

వయసుకు వాళ్లిచ్చే విలువ ఎంతంటే, తోబుట్టువులకు వాళ్ల మాటలు "ఎగ్బోన్", "అబురో". మనకంటే పెద్ద, మనకంటే చిన్న, అంతే. అక్కా అన్నా అన్న తేడా కూడా ఆ మాటలో లేదు. కొత్తవాళ్లను పేరు పెట్టి పిలవకండి. సర్, "మా" (అంటే మేడమ్), ఓగా, ఆంటీ, లేదా బిడ్డ పేరుతో "ఇయా తుండే" (తుండే వాళ్లమ్మ), "మామా ఎమెకా", ఇలా పిలవండి.

ఇక నైజీరియా తూర్పు వైపు నుంచి వచ్చిన ఇగ్బోవాళ్లు. వాళ్ల భాషలో ఈ "మీరు" లేదు. అలాగని గౌరవం లేదనుకుంటే పొరపాటు. పొద్దున "ఉటూటూ ఓమా", మామూలుగా "కెడు", ఇంటికి వచ్చినవాళ్లకు "న్నో", కృతజ్ఞతకు "దాలు". యొరుబా ఊళ్లకు ఓబాలు, అంటే రాజులు, తరతరాలుగా ఉన్నారు. ఇగ్బో గ్రామాల్లో చాలావాటికి రాజే లేడు, ఊరంతా కూర్చుని తేల్చుకునేవారు. "ఇగ్బో ఎన్వే ఏజే", ఇగ్బోలకు రాజు లేడు అని వాళ్ల సామెతే ఉంది. బ్రిటిష్‌వాళ్లు తమకు అనుకూలమైనవాళ్లను అధిపతులుగా నిలబెట్టి పన్నుల లెక్కలు మొదలుపెడితే, 1929లో ఆబా చుట్టుపక్కల ఆడవాళ్లు వేలమంది తిరగబడ్డారు. మా మీటింగుల్లో ఇగ్బో ఇంజనీరు నా లెక్క తప్పని నా ముఖం మీదే చెబుతాడు. మొదట్లో అది అహంకారం అనుకున్నాను. తర్వాత నాకు ఎక్కువ మేలు చేసింది ఆ అలవాటే.

లాగోస్‌లో అలాబా మార్కెట్‌కో, లాడిపో స్పేర్‌పార్ట్స్‌కో వెళ్తే కౌంటర్ దగ్గర పదిహేడేళ్ల ఇగ్బో కుర్రాడు కనిపిస్తాడు. పనివాడేగా అని విసుక్కోకండి. అది "ఇగ్బా బోయ్" అనే పద్ధతి. ఓగా, అంటే యజమాని దగ్గర ఐదారేళ్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ, పని నేర్చుకుంటాడు. గడువు తీరాక ఓగా పెట్టుబడి ఇచ్చి వాడికి సొంత షాపు పెట్టిస్తాడు. ఇవాళ మీరు కసురుకున్న కుర్రాడే రేపు మీకు సరుకు అప్పివ్వాల్సిన మనిషి. ఇంకో సంగతి. డిసెంబరు మూడో వారం నుంచి ఈ షాపులవాళ్లు చాలామంది తూర్పున ఊళ్లకు వెళ్లిపోతారు, జనవరిలో గానీ రారు. స్పేర్లు ముందే తెప్పించుకోండి.

ఎవరు ఎవరో మొదటి రోజే అడగకండి, పేర్లు వింటుంటే మీకే తెలుస్తుంది. ఓకెకే, ఓకోయే, ఓకాఫోర్, ఓకోంక్వో, ఇవన్నీ ఇగ్బోల నాలుగు సంత రోజుల్లో పుట్టినవాళ్ల పేర్లు: ఏకే, ఓరియే, ఆఫో, ంక్వో. బాబాతుండే అంటే యొరుబాలో "నాన్న తిరిగొచ్చాడు". తాత పోయాక పుట్టిన మగబిడ్డకు పెడతారు. మన ఇళ్లలో "తాతే మళ్లీ పుట్టాడు" అని ఆయన పేరే పెట్టుకోమూ? ఊళ్ల పేర్లు మాత్రం నమ్మకండి. కవలలకు పేరుపడ్డ ఇగ్బో-ఓరా యొరుబాల ఊరు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. యుద్ధం గురించి మీరుగా మాట తీయకండి. 1960లో స్వాతంత్ర్యం వచ్చింది, 1967 మే 30న ఇగ్బోలు ఎక్కువగా ఉన్న తూర్పు ప్రాంతం బయాఫ్రా పేరుతో విడిపోతున్నట్టు ప్రకటించుకుంది, 1970 జనవరి దాకా యుద్ధం నడిచింది. లక్షలమంది ఆకలితో పోయారు, అందులో పసిపిల్లలే ఎక్కువ. యుద్ధం ముగిశాక, అంతకుముందు బ్యాంకులో ఎంత దాచుకున్నా సరే, అక్కడివాళ్ల చేతికి ఇచ్చింది ఇరవై పౌండ్లు. నేను ఇవేవీ తెలియక క్యాంటీన్‌లో ఇగ్బో అకౌంటెంటూ యొరుబా సూపర్‌వైజరూ ఇద్దరూ ఉండగా, "మా దగ్గరా రాష్ట్రం విడిపోయింది, మేమిప్పుడు బాగానే ఉన్నాం" అన్నాను. అకౌంటెంట్ ప్లేటు అలాగే వదిలేసి లేచి వెళ్లిపోయాడు. ఆ ఇరవై పౌండ్లు తీసుకున్నవాళ్లలో వాళ్ల నాన్న ఉన్నాడని నాకు ఏడాది తర్వాత తెలిసింది. మన విభజనతో పోల్చే సంగతి కాదది. మే 30 దగ్గర పడితే తూర్పున ఓనిచా, ఆబా వైపు ప్రయాణం పెట్టుకోకండి. 2021 నుంచి సోమవారాలు కూడా అక్కడ బంద్‌లు జరిగాయి కాబట్టి, బయల్దేరేముందు అక్కడివాళ్లను అడగండి.

తిండి గురించి దిగులొద్దు. రోడ్డు పక్క అమ్మే అకారా మన బొబ్బర్ల వడే. శాకాహారులు సూపుల్లో ఎండురొయ్యల పొడి ఉంటుందని గుర్తుంచుకోండి.

ఇంత చెప్పాక భయపడ్డారేమో. సరే, ఇదీ చెబుతాను. మీ ఉచ్చారణ ఎంత తప్పినా వాళ్లు తప్పు పట్టరు, దిద్దుతారు. మా స్టోర్స్ ఆవిడకు నేను మొదటిసారి "ఎ కారో మా" అన్నప్పుడు ఆవిడ కుర్చీలోంచి లేచి మా ఇంట్లోవాళ్లందరి క్షేమం అడిగారు. నాలుగో నెలలో నాకు మలేరియా వచ్చి పడుకుంటే మిరియాల ఘాటుతో సూపు పంపింది కూడా ఆవిడే. ఇక్కడ మీరు మెట్టు తప్పి తూలినా దారిన పోయేవాళ్లు "ఎ పెలే", "ండో" అంటారు, అయ్యో పాపం అని.

మొన్నటి కుర్రాడితో రేపు పొద్దున నేనే వెళ్తున్నాను. ఆ పెద్దాయన పేరేమిటో కూడా వాడికి తెలియదట. ముందు పలకరించి, తర్వాత పేరు అడగమన్నాను. రిపోర్టు ఎనిమిదింటికి ఇచ్చినా ఏమీ కాదు.