గడగడా చదివినా అర్థం కాని మా అమ్మాయికి పనికొచ్చిన పద్ధతి

ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి తెలుగు పాఠాన్ని ఎక్కడా తడబడకుండా చదివేది. పుస్తకం మూసి ఒక్క ప్రశ్న అడిగితే మాత్రం బిక్కమొహం వేసేది. మళ్లీ మళ్లీ చదివించడం, కఠిన పదాలకు అర్థాలు రాయించడం, గైడులోని జవాబులు బట్టీ పట్టించడం, ఏవీ ఫలించలేదు.

చివరికి పొడవైన వాక్యాల దగ్గరే ఆమె దారి తప్పుతోందని గమనించాను. "వానలకు చెరువు నిండడంతో కట్ట తెగుతుందేమోనని భయపడిన రైతులు రాత్రంతా కాపలా కాశారు" అన్న వాక్యంలో, ముందుగా చివరనున్న సమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించే క్రియ, 'కాశారు' కింద పెన్సిలుతో గీత గీయించాను. తర్వాత ఎవరు కాశారని అడిగి 'రైతులు' చుట్టూ సున్నా చుట్టించి, అక్కడి నుంచి వెనక్కి వెళ్తూ, దేనికి భయపడ్డారు, ఆ భయం ఎందుకు కలిగింది అని ఒక్కొక్క ముడీ విప్పించాను. పేరా పూర్తికాగానే పుస్తకం మూసి, సంగతిని వాళ్ల నాయనమ్మకు సొంత మాటల్లో చెప్పమనేదాన్ని. పాఠంలోని మాటలనే అప్పజెబితే మళ్లీ మొదటికి రావలసిందే. అడ్డుప్రశ్నలు వేయడంలో ఆవిడ నాకంటే ఘనురాలు.

సుమారు రెండు నెలలకు తేడా కనిపించింది. అయితే ఇది వచనానికే పనికొచ్చింది. క్రియ ఎక్కడైనా ఉండగలిగే పద్యాలకు అన్వయక్రమం, అంటే పదాలను వచనంలోలా వరుసగా పేర్చుకునే తీరు, విడిగా చెప్పక తప్పలేదు. ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లలకు ఇది ఉపయోగపడుతుందని నేననుకోను.