ఒక్క సెక్షన్‌తో మొదలుపెట్టి చట్ట చరిత్ర రాయడం ఎలా?

చట్ట చరిత్ర రాయబోయేవారు ‘హిందూ స్త్రీల హక్కులు’ వంటి విశాలమైన విషయాన్ని తలకెత్తుకోకుండా, ఒక చట్టంలోని ఒక్క సెక్షన్‌ను పట్టుకుని బయలుదేరడం మేలు. ఉదాహరణకు 1856 నాటి హిందూ వితంతు పునర్వివాహ చట్టాన్ని తీసుకుందాం.

ముందుగా సారాంశాలను పక్కనపెట్టి మూలపాఠం చదవాలి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం జరిపించిన వితంతు వివాహానికి అండ దొరికింది ఈ చట్టం వల్లనే. అదే చట్టం రెండవ సెక్షన్ చూస్తే, మళ్లీ పెళ్లాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో మనోవర్తిగా (పోషణ ఖర్చుగా) గానీ వారసత్వంగా గానీ ఉన్న హక్కులు ‘ఆమె అప్పుడే మరణించినట్లుగా’ ముగిసిపోతాయని ఉంటుంది. పెళ్లి పీటల మీద కూర్చున్న మనిషిని ఆస్తి లెక్కలో చనిపోయినట్లు రాసిన ఆ వాక్యం దగ్గర ఆగకుండా ముందుకు పోకూడదు. పీఠికనూ వదలకూడదు, వితంతువులకు రెండో పెళ్లి చెల్లదని కోర్టులు భావిస్తున్నాయని చెబుతూనే, అందుకు ‘కొన్ని మినహాయింపులు’ ఉన్నాయని అదే ఒప్పుకుంటుంది.

పరిశోధన ప్రశ్న ఆ మినహాయింపుల్లోనే దొరుకుతుంది. తెలుగునాట అనేక కులాల్లో మారుమనువు, అంటే భర్త పోయిన స్త్రీ మరొకరిని మనువాడటం, ఈ చట్టానికి ముందునుంచే ఉన్న ఆచారం. చట్టం ఇచ్చిన అనుమతి అవసరమే లేని ఆ స్త్రీలు కూడా ఆస్తిని వదులుకోవలసిందేనా? తమిళ ప్రాంతపు మరవర్ కులానికి చెందిన ఒక కేసులో మద్రాసు హైకోర్టు 1877లో వదులుకోవలసిందేనని తేల్చింది; భర్తలో మిగిలిన సగంగానే వితంతువు ఆస్తిని అనుభవిస్తుంది గనుక, మరొకరిని చేసుకున్నాక ఆ ఆధారం నిలవదన్నది దాని తర్కం. అలహాబాదు హైకోర్టు 1889లో, ఆచారం ముందే అనుమతించిన కులాలకు రెండవ సెక్షన్ వర్తించదని చెప్పింది. ఇలా తీర్పులు విడిపోయిన చోటనే చరిత్రకారుడు తవ్వాలి.

న్యాయవాది తీర్పులో నిర్ణయాన్ని వెతుకుతాడు. మనం మాత్రం దావా వేసినది ఎవరు, ఎంత భూమి కోసం, కింది కోర్టు ఏమన్నది, ఆచారాన్ని రుజువు చేయడానికి ఎవరిని పిలిచారు అన్న వివరాలను వెతకాలి. సాక్షి తన భాషలో చెప్పినది ఇంగ్లీషు తీర్పుకు చేరేసరికి మనువు, పెండ్లి అన్న మాటల మధ్య ఉన్న అంతస్తుల తేడా చెరిగిపోతుంది. అందుకే మారుమనువును ‘పునర్వివాహం’గా మార్చి రాయకండి. కోర్టు తీర్పులను అచ్చువేసే లా రిపోర్టుల్లోకి ఎక్కినవి ఎంపిక చేసిన కేసులేనని కూడా గుర్తుంచుకోవాలి. వాటిని లెక్కపెట్టి ఊళ్లలో ఏం జరిగిందో చెప్పలేము.

మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ దస్త్రాల కోసం చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. నిజాం రాజ్యం బ్రిటిష్ ఇండియాలో భాగం కాదు కాబట్టి ఈ చట్టాన్ని తెలంగాణకు యథాతథంగా అన్వయించకూడదు. ఆ చరిత్రకు హైదరాబాదు తార్నాకలోని ఆర్కైవ్స్, దానితోపాటు ఉర్దూ, పారశీక పరిజ్ఞానం కావాలి. చూసిన ప్రతి కాగితం సంపుటం, పుట, తేదీ అక్కడికక్కడే రాసుకోండి.

రాసేటప్పుడు, స్త్రీకి ఆస్తిపై పూర్తి హక్కు ఇచ్చిన 1956 నాటి హిందూ వారసత్వ చట్టపు దృష్టిని 1877 న్యాయమూర్తులకు అంటగట్టకూడదు. అలాగని కథను 1956లో ముగించనూ కూడదు, ఎందుకంటే 1856 చట్టాన్ని అధికారికంగా రద్దు చేసినది 1983లో.