మొరాకోలో రంజాన్ నెల: వాలంటీర్లు ముందే చూసుకోవాల్సిన సంగతులు

రంజాన్ రోజుల్లో మొరాకోలో వాలంటీర్‌గా ఉండబోయేవాళ్లు నన్ను మొదట అడిగేది తిండి గురించే. పగలంతా ఏం తినాలి, ఎక్కడ దొరుకుతుంది అని. తిండి సంగతి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. ఇబ్బంది పెట్టేది టైము. నెలంతా ఊరు రాత్రి మేలుకుని ఉంటుంది, పగలు నెమ్మదిగా కదులుతుంది. దానికి ముందే సిద్ధపడకపోతే మొదట నిద్ర పాడవుతుంది, ఆ వెనకే ఆరోగ్యం, పని, మనసు అన్నీ దెబ్బతింటాయి.

ముందు గడియారం చూసుకోండి. 2018 నుంచి మొరాకో టైము మామూలుగా జీఎంటీ కంటే ఒక గంట ముందు ఉంటుంది. రంజాన్‌కి మాత్రం జీఎంటీకి తిరిగి వస్తుంది. నెల మొదలయ్యే ముందు ఆదివారం తెల్లవారుజామున 3 గంటలకు గడియారాన్ని 2కి తిప్పుతారు. కొన్ని ఫోన్లు ఈ మార్పుని పట్టుకోవు. నా ఫోన్ పట్టుకోలేదు, ఆ పొద్దున చలిలో బస్సు కోసం గంట ముందే వెళ్లి కూర్చున్నాను. ఇక నెల మొదలయ్యే తేదీ. అక్కడి హబూస్ (ధార్మిక ఆస్తులు), ఇస్లామిక్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ నెలవంక చూశాకే ప్రకటిస్తుంది. చాలా ఏళ్లు అది సౌదీ కంటే ఒక రోజు వెనక వస్తుంది కాబట్టి సౌదీ తేదీ చూసి టికెట్లు, మీటింగులు పెట్టుకోవద్దు.

ప్రభుత్వ ఆఫీసులు ఈ నెలలో సాధారణంగా 9 నుంచి 3 వరకే పనిచేస్తాయి. రెసిడెన్స్ కార్డు లాంటి పనులు ముందే పూర్తి చేసుకోండి. మీరు దార్ షబాబ్‌లో, అంటే యువజన కేంద్రంలో పాఠాలు చెబుతుంటే, అవి రాత్రి 9 తర్వాతకి జరిగే అవకాశం ఎక్కువ. పిల్లలు బాగానే వస్తారు, కాకపోతే మీరు ఇల్లు చేరేసరికి బాగా పొద్దుపోతుంది. ఎవరితో కలిసి తిరిగి రావాలో మొదటి వారంలోనే మాట్లాడి పెట్టుకోండి.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది సూర్యాస్తమయానికి ముందు గంట. పొద్దుటి నుంచి నీళ్లు, కాఫీ, సిగరెట్ లేక నరాలు బిగుసుకుని ఉంటాయి. చిన్న మాటకే చిరాకు పడేవాడిని అక్కడ 'మ్రమ్‌దన్' అంటారు, రంజాన్ పట్టినవాడని. గ్రాండ్ టాక్సీల, అంటే ఊళ్ల మధ్య నలుగురూ కలిసి ఎక్కే టాక్సీల స్టాండులో ఇద్దరు డ్రైవర్లు వంతు కోసం చొక్కాలు పట్టుకోవడం నేను చూశాను. పక్కనున్న పెద్దాయన ఇద్దరి మధ్య చెయ్యి అడ్డుపెట్టి "నఅల్ ష్షితాన్, నఅల్ ష్షితాన్" అంటూ నిలబడ్డాడు. సైతానుని తిట్టుకో, కోపం వదిలెయ్ అని అర్థం. అలాంటప్పుడు మీరు మధ్యలోకి వెళ్లొద్దు, ఫోన్ తీసి వీడియో అసలే తీయొద్దు. అందరూ ఇంటికి తొందరపడే వేళ కాబట్టి బళ్లు కూడా మితిమీరిన వేగంతో వెళ్తాయి. రోడ్డు దాటేటప్పుడు రెండింతలు జాగ్రత్త పడండి, ఊళ్ల మధ్య ప్రయాణాలు మధ్యాహ్నం 3 లోపు ముగించుకోండి. ఉపవాసం విరమించే వేళైందని సైరన్ మోగాక అరగంట, గంట వీధిలో మనిషి కనపడడు. టాక్సీ దొరకదు, కొట్లు, ఫార్మసీలు మూసి ఉంటాయి. ఆ నిర్మానుష్యంలో ఒంటరిగా నడవాల్సిన పరిస్థితి తెచ్చుకోకండి.

పగలు బయట తినకండి, తాగకండి. మొరాకో శిక్షాస్మృతిలోని 222వ అధికరణం ప్రకారం, ముస్లింగా అందరికీ తెలిసిన మనిషి తగిన కారణం లేకుండా బహిరంగంగా ఉపవాసం విరమిస్తే నెల నుంచి ఆరు నెలల జైలు. ముస్లిం కాని విదేశీయులకు అది వర్తించదు. అయినా గొంతు ఎండిపోతున్నవాళ్ల ముందు సీసా ఎత్తడం నాకు మనసొప్పదు. గది తలుపు వేసుకుని తాగండి. పెద్ద నగరాలు దాటితే పగలు కఫేలు దాదాపు మూసే ఉంటాయి, బ్రెడ్డు, గుడ్లు, పండ్లు ముందు రోజు రాత్రే తెచ్చిపెట్టుకోండి. "వాష్ సాయిమ్?" అని రోజుకి పది మంది అడుగుతారు. ఉపవాసం ఉన్నావా అని. ఆడవాళ్లనైతే "సాయ్మా?" అంటారు. నిజం చెప్పండి. లేనని మర్యాదగా చెబితే ఎవరూ ఏమీ అనుకోరు, ఉన్నానని అబద్ధం చెప్పి దొరికిపోతే నెలల తరబడి సంపాదించుకున్న నమ్మకం పోతుంది.

మీరూ ఉపవాసం ఉండాలనుకుంటే ముందుగా డాక్టర్‌తో మాట్లాడండి. షుగర్, బీపీ, మూత్రపిండాల సమస్య ఉన్నా, గర్భిణులైనా సొంత నిర్ణయం వద్దు. రోగులకు, ప్రయాణికులకు, గర్భిణులకు, నెలసరిలో ఉన్న స్త్రీలకు ఇస్లాంలోనే మినహాయింపు ఉంది, కాబట్టి మానేసినందుకు సిగ్గుపడే పని లేదు. ఫిబ్రవరి, మార్చిలో అయితే ఉపవాసం దాదాపు 13 గంటలు, జూన్‌లో పడితే 16 దాటుతుంది. పది రోజుల ముందు నుంచే కాఫీ తగ్గించుకుంటూ రండి, లేకపోతే మొదటి రెండు రోజులు తలనొప్పి చంపేస్తుంది. కళ్లు తిరిగినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, మాట తడబడినా వెంటనే నీళ్లు తాగేయండి. అంబులెన్స్ నంబరు 15, నగరాల్లో పోలీసులకు 19, పల్లెల్లో జాందార్మరీ అనే పోలీసు దళానికి 177. రాత్రి తెరిచి ఉండే ఫార్మసీ ఏదో, మూసిన ఫార్మసీ తలుపు మీద కాగితం అంటించి ఉంటుంది.

ఇఫ్తార్‌ని అక్కడ 'ఫ్తూర్' అంటారు. పిలుపులు రోజూ వస్తాయి. ముందుగా ఖర్జూరం, పాలు, తర్వాత గిన్నె నిండా హరీరా. టమాటా, శనగలు, పప్పుతో చిక్కగా కాచిన ఆ సూప్ మీద నిమ్మరసం పిండుతారు, పక్కన తేనెలో ముంచిన షబాకియా అనే మిఠాయి పెడతారు. నువ్వుల వాసన చెయ్యి కడుక్కున్నాక కూడా పోదు. ఇంటావిడ "కూల్, కూల్" (తిను, తిను) అంటూ పెడుతూనే ఉంటుంది. ఖాళీ కడుపులో ఇంత తీపి, వేపుడు పడితే రాత్రంతా బాధపడతారు. కొంచెం తిని, కుడి చెయ్యి గుండె మీద పెట్టి "ష్బఅత్, అల్హమ్దులిల్లాహ్" అనండి, కడుపు నిండిందని. ఒక్కసారి అంటే వినరు, మూడుసార్లు అనాలి. ఉత్త చేతులతో వెళ్లొద్దు, పాల ప్యాకెట్లో ఖర్జూరాలో తీసుకెళ్లండి. వారంలో రెండు రాత్రులు మాత్రం పిలుపులు ఒప్పుకోకుండా ఇంట్లోనే ఉండండి. ఈ నియమం పెట్టుకోని వాలంటీర్లు రెండో వారానికే మంచమెక్కడం చూశాను.

నిద్రకి ఇయర్‌ప్లగ్స్ తప్పనిసరి. పాత పేటల్లో తెల్లవారకముందే నఫార్ అనే మనిషి పొడవాటి బాకా ఊదుతూ వస్తాడు, సహరీకి, అంటే ఉపవాసానికి ముందు తినే తిండికి లేపడానికి. మొదటి రాత్రి ఉలిక్కిపడి లేచాను, ఆ తర్వాత ఆ బాకా మీద ఇష్టం పెరిగింది. మధ్యాహ్నం 3 తర్వాత గంటన్నర పడుకునే వీలు ఉండేలా పని సర్దుకోండి.

పండగకి వారం ముందే బస్సు టికెట్ కొనండి, దిర్హామ్‌లు చేతిలో ఉంచుకోండి. పండగ రెండు రోజులూ చాలా కొట్లు తెరవరు. ఆ తర్వాతి ఆదివారం గడియారం మళ్లీ గంట ముందుకు జరుగుతుంది. ఈసారి ఫోన్ మారకపోతే బస్సు వెళ్లిపోయి ఉంటుంది, కాబట్టి శనివారం రాత్రే పక్కింటివాళ్లని అడిగి అలారం పెట్టుకోండి.