హవాయిలో కెమెరా బయటికి తీసే ముందు

సెలవలకి హవాయి వెళ్తున్న మనవాళ్ళు చాలామందే కనబడుతున్నారు, వీడియోలు ఫొటోలు గట్టిగా ప్లాన్ చేసేవాళ్ళు ఇవి చూసుకోండి.

– డ్రోన్. హవాయి వాల్కనోస్, హలేయకాలా రెండూ నేషనల్ పార్కులే, అక్కడ ఎగరేస్తే 5,000 డాలర్ల దాకా ఫైను, ఆర్నెల్ల దాకా జైలు కూడా పడొచ్చు. వీసా మీద ఉన్నవాళ్ళకి ఈ గొడవ అస్సలు వద్దండి బాబూ.

– హలేయకాలా సూర్యోదయం: తెల్లవారుజామున 3 నుంచి 7 లోపు కారు లోపలికి పోవాలంటే ముందే బుకింగ్ ఉండాలి, 60 రోజుల ముందు ఓపెన్ అవుతుంది. శిఖరం 3,055 మీటర్లు, బీచ్ బట్టల్లో వెళ్తే చలికి వేళ్ళు కొంకర్లు పోయి షటర్ కూడా నొక్కలేరు.

– మౌనా కేయా ఇంకా ఎత్తు, 4,207 మీటర్లు. 2,800 దగ్గర విజిటర్ స్టేషన్లో కనీసం అరగంట ఆగి పల్చటి గాలికి అలవాటు పడాలి, ఆ పైకి ఫోర్ వీల్ డ్రైవ్ బండే, స్కూబా డైవింగ్ (సముద్రంలో లోతుకి దిగడం) చేసుంటే 24 గంటలు దాటేదాకా ఎక్కొద్దు.

– లావా. కిలవేయా అగ్నిపర్వతంలో 2024 డిసెంబర్‌లో మొదలైంది విడతలు విడతలుగా వచ్చింది, కొన్ని గంటలు ఎగజిమ్మి రోజుల తరబడి ఖాళీ. అమెరికా జియలాజికల్ సర్వే (USGS) వెబ్‌క్యామ్ చూసి బయల్దేరండి, రీల్స్ చూసి కాదు. బూడిద రాలుతుంటే లెన్స్ మార్చొద్దు, సెన్సర్ పోద్ది.

– తాబేలుకి 10 అడుగులు, మాంక్ సీల్‌కి (అక్కడి సముద్ర జంతువు) 50 అడుగులు దూరం ఉండాలి. జూమ్ లెన్స్ పట్టుకెళ్ళండి.

– డబ్బులు తీసుకుని చేసే షూట్ అయితే స్టేట్ బీచుల్లో పర్మిట్ కావాలి.