బహుమానం గురించిన వాక్యాలు ఎలా చదవాలి

దేవుడిచ్చే బహుమానం గురించి చదవాలంటే నేనైతే ముందు బైబిల్లో మత్తయి సువార్త 20వ అధ్యాయం తీయమంటాను. అక్కడ యేసు చెప్పిన కథలో, ద్రాక్షతోటలో పొద్దున్నుంచి ఎండలో కష్టపడినవాళ్లకూ, సాయంత్రం ఒక్క గంట పనిచేసినవాళ్లకూ అదే దేనారం, అంటే ఒక రోజు కూలి. ముందొచ్చినవాళ్లు సణిగిన చోట ఆగండి. మీకూ అన్యాయమనిపిస్తే దాటెయ్యకండి, ప్రార్థనలో పెట్టండి. దేవుడు గంటలు లెక్కగట్టి ఇవ్వడని నాకు అక్కడే తెలిసింది.

తర్వాత 1 కొరింథీ 3:12-15. క్రీస్తు అనే పునాది మీద ఒకడు కట్టిన పని అగ్నిపరీక్షలో కాలిపోయి బహుమానం పోయినా, ఆ మనిషి మాత్రం రక్షింపబడతాడంటాడు అపొస్తలుడైన పౌలు. రక్షణ వేరు, బహుమానం వేరు. ఈ తేడా పట్టుకోకపోతే మిగతావన్నీ తికమకే.

ఇక ఆచరణ. మత్తయి 6 చెప్పినట్టు ఈ వారం ఒకరికి సాయం చేయండి, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకండి. దేవుని రాజ్యం ఫలానా తేదీకి వస్తుందనేవాళ్ల మాట నమ్మొద్దు. ఆ దినం, ఆ గడియ తండ్రికే తెలుసని మత్తయి 24:36లో ఉంది. "నీ రాజ్యము వచ్చుగాక" అని మాత్రం రోజూ అడగండి.