చదరంగం ఓపెనింగ్‌లో దొరికిన పైచేయి చేజారకుండా ఆడటం ఎలా

పన్నెండో ఎత్తుకి మన బలగమంతా బయట ఉంది, అవతలి రాజు ఇంకా మధ్యలోనే ఉన్నాడు. ఇరవయ్యో ఎత్తుకి చూస్తే ఆట సమానం. వెనక్కి తిప్పి చూసినా ఘోరమైన తప్పేమీ కనబడదు. ఊరికే ఒక హెచ్3, ఒక ఎ3 (అంచు బంటును ఒక గడి జరపడం; గడి పేరులో అక్షరం నిలువు వరసకి, అంకె అడ్డ వరసకి గుర్తు), బంటు తరిమితే తలొంచుకుని వెనక్కొచ్చిన ఒక బిషప్ (ఐమూలగా నడిచే పావు), అంతే.

ముందుగా చేతిలో ఉన్నది ఏ రకం ఆధిక్యమో తేల్చుకోండి. బంటు ఎక్కువుంటే అది ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలిన ఆట చివరి దశ) దాకా మిగలొచ్చు. బలగం ముందుగా బయటికి రావడం వల్ల వచ్చిన ఆధిక్యం అలా నిలవదు. మనం ఆగిన ప్రతి ఎత్తుకీ అవతలివాళ్ల గుర్రమో బిషప్పో ఒకటి బయటికొస్తుంది. మూడు ఎత్తుల ముందంజ మూడు ఉత్త ఎత్తులతో చెల్లు.

ముందంజ లెక్క సులువే, రెండు వైపులా కట్టండి: కదిలిన ప్రతి గుర్రానికీ బిషప్‌కీ ఒకటి, క్యాజిల్‌కి (రాజును మూల వైపు జరిపి రూక్‌ను పక్కకి తెచ్చే ఎత్తు) ఒకటి, తెరుచుకున్న ఫైల్‌లో (బంట్లు అడ్డంలేని నిలువు వరస) ఉన్న రూక్‌కి (మూలల్లో మొదలై నేరుగా నడిచే పావు) ఒకటి. తేడా రెండో మూడో ఉండి, అవతలి రాజు క్యాజిల్ కాకపోతే, మధ్య ఫైల్ తెరిచే దారి వెతకండి, ఒక బంటు పోయినా సరే. తేడా ఒకటే అయితే బలుల (కావాలని పావు వదులుకోవడం) జోలికి పోవద్దు.

1858లో పారిస్ ఒపేరాలో అమెరికా ఆటగాడు పాల్ మార్ఫీ తెల్ల పావులతో ఆడిన ఆటలో తొమ్మిదో ఎత్తు దగ్గర ఆగి చూడండి. తెల్లవి రెండు బిషప్‌లు, ఒక గుర్రం, మంత్రి బయట ఉన్నాయి. నల్లవాళ్లకి బయటికొచ్చినవి ఒక గుర్రం, మంత్రి. ఆ మంత్రి కూడా ఇ7లో కూర్చుని సొంత బిషప్‌కే అడ్డం. నల్ల బంటు బి5కి వచ్చి సి4 బిషప్‌ను తరిమింది. చాలామంది చెయ్యి ఇక్కడ తనంతట తానే బిషప్‌ను ఇ2కి లాగేస్తుంది. అప్పుడు నల్ల గుర్రం డి7కి వస్తుంది, మంత్రి పక్కకి తప్పుకుంటుంది, ఇంకో రెండు ఎత్తుల్లో క్యాజిల్. మార్ఫీ గుర్రంతో బి5 బంటును కొట్టాడు. గుర్రానికి బదులు రెండు బంట్లు, ఒక చెక్, డి7లో పిన్ (కదిలితే వెనకున్న పెద్ద పావుకి ముప్పు కాబట్టి ముందున్నది కదల్లేకపోవడం) దొరికాయి. తర్వాత పెద్దవైపు (మంత్రి వైపు) క్యాజిల్ చేస్తే రూక్ నేరుగా డి ఫైల్‌లోకి దిగింది. 17వ ఎత్తుకి ఆటకట్టు. అప్పటికి నల్ల ఎఫ్8 బిషప్, హెచ్8 రూక్ పుట్టిన గడి వదల్లేదు.

కాబట్టి మన పావు మీద దాడి రాగానే వెనక్కి తీసేముందు వరసగా చూడాల్సినవి: చెక్ ఉందా, కొట్టేది ఉందా, అంతకంటే పెద్ద బెదిరింపు ఉందా. మూడూ లేకపోతేనే వెనకడుగు.

హెచ్3 ఎప్పుడూ చెడ్డదని కాదు. అది ఆపుతున్న ఎత్తు పేరు చెప్పగలిగితే (బిషప్ జి4కి వచ్చి గుర్రాన్ని పిన్ చేస్తుంది, దాంతో డి4 కూలుతుంది) ఆడండి. 'ఎందుకైనా మంచిది' అన్నదే మీ జవాబైతే ఆ ఎత్తు వద్దు.

బంటు గెలిచినవాళ్ల ఇబ్బంది వేరు. దాన్ని కాపాడటానికే బలగమంతా ముడుచుకుపోతుంది. డేనిష్ గాంబిట్‌లో (తెల్లవాళ్లు బంట్లు బలిచ్చి బలగాన్ని త్వరగా బయటికి తెచ్చే ఓపెనింగ్) రెండు బంట్లు మింగిన నల్లవాళ్లు డి6, హెచ్6 అంటూ కూర్చుంటే తెల్ల బిషప్‌లు రెండూ రాజు వైపు గురిపెట్టి ఉంటాయి. అయిదో ఎత్తులో డి5 ఆడి బంటు తిరిగిచ్చేయడం మేలు. తెల్ల బిషప్ దాన్ని కొడితే నల్ల గుర్రం ఎఫ్6. అప్పుడు బిషప్ ఎఫ్7లో చెక్ ఇచ్చి, రాజు కొట్టాక తెల్ల మంత్రి డి8లో నల్ల మంత్రిని కొట్టేసినా కంగారు అక్కర్లేదు. బి4లో నల్ల బిషప్ చెక్ ఇస్తుంది, వెనక హెచ్8 రూక్‌కి డి8 దాకా దారి తెరుచుకుంటుంది. తెల్ల మంత్రి డి2లో అడ్డు పడక తప్పదు, నల్ల బిషప్ దాన్ని కొడుతుంది, తెల్ల గుర్రం తిరిగి కొడుతుంది. లెక్క సరిపోతుంది, చెరి అయిదు బంట్లు.

మార్పిళ్ల సంగతి: బంటు ఎక్కువుంటే పావులు మార్చుకోండి. ముందంజ మాత్రమే ఉంటే, ముఖ్యంగా మంత్రులను, మార్చుకోవద్దు. దాడి చెయ్యాల్సిన బలగమే తగ్గిపోతుంది.